స్వేచ్ఛా విజ్ఞానము: సరిచూచువారి కొరత

విజ్ఞానము పంచినకొలది పెరుగునను మాట తెలుగువారికి క్రొత్త కాదు. ఆ పంపకమునకు ఒక నియమిత పద్ధతి ఏర్పడుట మాత్రము ఇటీవలి సంగతి. ఒకరు వ్రాసిన కంప్యూటరు ప్రోగ్రామును ఎవరైనను వాడుకొనవచ్చును, అది లోపల ఎట్లు పనిచేయుచున్నదో చూడవచ్చును, అవసరమైనచో మార్చవచ్చును, మార్చినదానిని ఇతరులకు ఇవ్వవచ్చును. ఈ నాలుగు హక్కులను లైసెన్సుద్వారా హామీ యిచ్చు సాఫ్ట్‌వేరును స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అందురు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను అమెరికా దేశీయుడు గ్నూ ప్రణాళికను ప్రకటించుటతో ఈ ఉద్యమమునకు రూపము వచ్చెను. 1991లో ఫిన్లండు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ దానికి బలము చేకూర్చెను. అదే నియమమును వ్యాసములకు అన్వయించినది 2001లో పుట్టిన వికీపీడియా. ప్రభుత్వము సేకరించిన లెక్కలకు అన్వయించినచో దానికి బహిరంగ దత్తాంశమని పేరు. ఈ మూడును ఒక చెట్టు కొమ్మలే కనుక, మూడింటిని కలిపి స్వేచ్ఛా విజ్ఞానము అనవచ్చును.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అను మాటకు రెండు అర్థములుండుటవలన అచట చాలకాలము తికమక జరిగినది. తెలుగులో ఆ చిక్కు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. సత్రములో భోజనము ఉచితమే. కాని వంటయింటిలోనికి పోయి పులుసులో ఉప్పు సరిచేయు హక్కు తినువానికి లేదు. స్వేచ్ఛా విజ్ఞానమునందు ఆ హక్కు కూడ కలదు. హక్కుతోపాటు ఒక బాధ్యతయు వచ్చును: రుచి చూచి, లోపము చెప్పి, సరిచేయువారు లేనప్పుడు తెరచిన వంటయిల్లు ఎవరికిని ఉపకరింపదు.

ఈ బాధ్యత తెలుగులో ఎంతవరకు నెరవేరుచున్నదను ప్రశ్నకు సమాధానము వెదకుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఆవశ్యకము. ఏలయన నేడు పాఠశాలలో వ్యాసము వ్రాయు బాలుడు మొదట చూచునది గ్రంథాలయము కాదు, ఇంటర్నెట్టు.

ఒక్కని శ్రమ, పలువురి శ్రమ

మొదట మెచ్చదగిన దానిని మెచ్చవలెను. తెలుగులో విజ్ఞానసర్వస్వమును నిర్మింపవలెనని తొలుత గట్టిగా పూనుకొనినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలికి ప్రాణమువంటి ఆ మహాశయుడు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను ఆరంభించి, పండితులచే వ్రాయించుచు, తానే అనేక వ్యాసములు వ్రాయుచు, ప్రతి అక్షరమును పరిశీలించుచు పనిచేసెను. 1923లో ఆయన మరణించుటతో ఆ పని అకారము దాటకయే ఆగిపోయెను. లోపము ఆయన దీక్షలో లేదు. పని అంతయు ఒక్కని భుజములపై నిలుచుటలోనే యున్నది.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో మొదలైన తెలుగు వికీపీడియా ఈ లోపమును దాటినది. దానికి ప్రధాన సంపాదకుడు లేడు, జీతము లేదు, గడువు లేదు. ఒకరు విరమించినను వేరొకరు అందుకొందురు. నేడు దానిలో లక్షకు మించిన వ్యాసములు కలవు. ప్రతి పుటకును 'చరిత్ర' అను భాగముండును. ఎవరు ఏ దినమున ఏ మాటను మార్చిరో అందులో కనబడును. 'చర్చ' అను భాగములో అభిప్రాయభేదములు దాచబడక నిలిచియుండును. అచ్చు గ్రంథములలో ఈ సౌకర్యము లేదు. ఒక పాఠ్యపుస్తకమున తప్పు దొరలినచో, అది ఎట్లు దొరలినదో విద్యార్థికి ఎన్నటికిని తెలియదు.

ఇంతటి ఘనకార్యమును కొలుచుటకు సామాన్యముగా వాడబడు కొలత ఒక్కటే: పుటల సంఖ్య. ఏ భాష ఎన్ని వేల వ్యాసములు దాటినది, ఏ సంవత్సరము ఎంత పెరిగినది అని లెక్క. వరికుప్పను దూరమునుండి చూచి దిగుబడి చెప్పుటవంటిది ఈ కొలత. తూర్పారబట్టిన పిమ్మటగదా గింజ యెంతో, తాలు యెంతో తెలియుట!

కన్నులు ఎక్కువైనచో తప్పులు పోవునా?

స్వేచ్ఛా విజ్ఞానమును సమర్థించువారు తరచుగా చూపు వాదమొకటి కలదు. 1997లో ఎరిక్ రేమండ్ అను ప్రోగ్రామరు లినక్స్ నిర్మాణమును పరిశీలించి, పరీక్షించువారి సంఖ్య తగినంత యున్నచో ఎంతటి లోపమైనను తేలికగా బయటపడునని సిద్ధాంతీకరించెను. 2005లో 'నేచర్' పత్రిక జరిపిన పరీక్ష ఈ వాదమునకు బలమిచ్చినట్లు కనబడెను. ఆ పత్రిక 42 విజ్ఞానశాస్త్ర విషయములపై వికీపీడియా, బ్రిటానికా వ్యాసములను నిపుణులకు పంపి తప్పులు పట్టించెను. వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 లోపములు తేలినవి. తీవ్రమైన తప్పులు మాత్రము రెండింటిలోను నాలుగేసి. బ్రిటానికావారు 2006లో ఈ పరీక్షాపద్ధతిని గట్టిగా ఖండించిరి. అయినను ఎవరైనను వ్రాయదగిన గ్రంథము నిపుణుల గ్రంథమునకు ఇంత దగ్గరగా వచ్చుట ఆశ్చర్యకరమే.

కాని ఆ పరీక్ష ఇంగ్లీషు వ్యాసములకు చెందినది. వానిని వేలమంది చదువుదురు, వందలమంది దిద్దుదురు. తెలుగులో ఒక రసాయనశాస్త్ర వ్యాసమును మొదట వ్రాసినవాడు తప్ప రెండవ మనుష్యుడు శ్రద్ధగా చదువకపోవచ్చును. కన్నుల సంఖ్యపై ఆధారపడిన సిద్ధాంతమును కన్నులు తక్కువైన చోటికి తెచ్చి, అచటి ఫలితమునే ఇచటను ఆశించుట శాస్త్రపద్ధతి కాదు. ఒక ఉష్ణోగ్రతలో చేసిన ప్రయోగఫలితమును మరియొక ఉష్ణోగ్రతకు విచారింపక అంటగట్టుటవంటిదే ఇది.

ఇంకొక భేదముకూడ గమనింపవలెను. తప్పులలో రెండు జాతులు కలవు: కేకవేయు తప్పులు, మౌనముగా కూర్చుండు తప్పులు. ప్రోగ్రాములో ఒక అక్షరము తప్పినచో యంత్రమే నడువనని మొరాయించును. ఫాంటులో వత్తు తప్పుచోట పడినచో చూచినవాడెల్ల గుర్తించును. కనుకనే తెలుగు అక్షరమును కంప్యూటరుపై నిలబెట్టిన స్వేచ్ఛాకృషి చక్కగా ఫలించినది. 1991నాటి మొదటి యూనికోడ్ ప్రమాణములోనే తెలుగు లిపికి స్థానము లభించినను, చాలకాలము ఒక్కొక్క పత్రిక తన స్వంత సంకేతములతో అక్షరములను ముద్రించుకొనెను. ఒకరి వ్రాత ఇంకొకరి యంత్రముపై పిచ్చిగీతలుగా కనబడెడిది. ఆ సంకేతములను యూనికోడులోనికి మార్చు 'పద్మ' అను పరికరమును, తిరుమల కృష్ణదేశికాచార్యులుగారి 'పోతన', 'వేమన' ఫాంటులను జనులు ఉచితముగా పొంది వాడుకొనిరి. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌కు తెలుగు రూపము కల్పించెను. వీనిలో తప్పులు దొరలినను త్వరలోనే దిద్దబడినవి. ఏలయన ఆ తప్పులు కంటికి కనబడునవి.

మౌనమైన తప్పు సంగతి వేరు. 2014 ఏప్రిలులో 'హార్ట్‌బ్లీడ్' అను లోపము ప్రపంచమును కలవరపెట్టెను. బ్యాంకులు మొదలుకొని అనేక సంస్థలు రహస్యసమాచారమును కాపాడుకొనుటకు వాడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఆ లోపము 2012 నుండి యుండెను. ప్రోగ్రాము అందరికి తెరచియే యున్నది. లక్షలమంది వాడుచునే యుండిరి. కాని రెండు సంవత్సరములు ఎవరును కేక వేయలేదు. దానిని పూర్తికాలము చూచుకొనువారు మిక్కిలి కొద్దిమంది. చూడవచ్చుననుట వేరు, చూచిరనుట వేరు అని ఈ సంఘటన నిరూపించినది. వ్యాసములలోను లెక్కలలోను దొరలు తప్పులు దాదాపుగా ఈ రెండవ జాతికి చెందినవే. తప్పు తేదీ వ్రాసిన పుట ఒప్పు తేదీ వ్రాసిన పుటవలెనే అందముగా కనబడును.

ఈ విచారణ అంతయు గాలిలో నిలువకుండుటకు ఒక ఊరిని తీసికొని పరీక్షించుట మేలు. ద్రాక్షారామము అందుకు తగినది. దానియందు ప్రాచీనశాసనములు కలవు. ఆధునిక ప్రభుత్వలెక్కలును కలవు.

రాతిమీది అక్షరము

పంచారామములలో ఒకటియైన ద్రాక్షారామ భీమేశ్వరాలయపు గోడలమీదను స్తంభములమీదను వందలకొలది శాసనములు చెక్కబడియున్నవి. వానిలో పెక్కు దానశాసనములు. స్వామికి అఖండదీపము నిమిత్తము ఫలానావారు ఇన్ని పశువుల నిచ్చిరనియు, వానిని స్వీకరించినవాడు దినదినము ఇంత నేయి కొలిచి పోయవలెననియు అట్టి శాసనములు చెప్పును. దాత పేరు, కాలము, దానపరిమాణము, నిర్వహించు బాధ్యుని పేరు - ఇవి అందరు చూచుచోట రాతిపై నిలిపినవారు బహిరంగ దత్తాంశమునకు కావలసిన లక్షణములను చక్కగా ఎరిగినవారే యనవలెను.

ఈ శాసనపాఠములు పెక్కు 'సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్' నాల్గవ సంపుటమున ముద్రితములు. హెచ్. కృష్ణశాస్త్రిగారి సంపాదకత్వమున ఆ సంపుటము 1923లో వెలువడెను. భారత కాపీరైటు చట్టము ప్రకారము ప్రభుత్వ గ్రంథములకు హక్కు ప్రచురణ తరువాత 60 సంవత్సరములతో ముగియును గనుక, దీనిని ఎవరైనను వాడుకొనవచ్చును. ఇంతవరకు తలుపు తెరచియే యున్నది.

కాని పుటల ఛాయాచిత్రములను ఇంటర్నెట్టులో నుంచినంతమాత్రమున పాఠము అందుబాటులోనికి రాదు. చిత్రములోని అక్షరమును కంప్యూటరు అక్షరముగా గుర్తింపవలెను. ఈ పనికి టెసరాక్ట్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కలదు. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో పుట్టి, 2005లో స్వేచ్ఛా లైసెన్సుతో విడుదలైన ఈ ప్రోగ్రాము తెలుగును కూడ చదువగలదు. అయినను పాత అచ్చులో ప - వ, మ - య, ధ - థ అను జంటలను, వత్తులను యంత్రము పొరపడును. 'పాలు' అన్నది 'వాలు' అగును. రెండును తెలుగు మాటలే కనుక అక్షరదోషములు పట్టు యంత్రమునకును ఈ తప్పు అందదు.

శాసనములలో కాలమును చెప్పు పద్ధతి మరింత చిక్కైనది. సంస్కృత శ్లోకములలో శకసంవత్సరమును అంకెలతో కాక వస్తువుల పేర్లతో చెప్పుట ఆచారము. శరము అనగా 5, వియత్తు అనగా 0, ఇందుడు అనగా 1. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చవలెను. 'శర వియత్ వియత్ ఇందు' అని యున్నచో 5, 0, 0, 1 అను అంకెలు తిరుగవేయగా శక 1005 వచ్చును. దానికి 78 కలుపగా క్రీ.శ. 1083. పద్ధతి తెలియనివాడు 5001 అని వ్రాయును. అనువాదయంత్రమున కిచ్చినచో బాణము, ఆకాశము, ఆకాశము, చంద్రుడు అని చెప్పి ఊరకుండును. ఒక్క అక్షరము తప్పినను శతాబ్దము మారును. ఆ తప్పు తేదీని ఒక వ్యాసకర్త ఎత్తి వ్రాయును, అతనిని చూచి ఇంకొకడు వ్రాయును. పదిచోట్ల కనబడు తప్పు ఒప్పుగా చలామణి యగును.

ఇట్టి ప్రమాదమునకు వికీసోర్సు అను స్వేచ్ఛా గ్రంథాలయమున మంచి విరుగుడు కలదు. అందు పుట చిత్రము ఒకప్రక్క, టైపుచేసిన పాఠము ఒకప్రక్క నుండును. ఎవరును దిద్దని పుటకు ఎరుపురంగు. ఒకరు మూలముతో పోల్చి దిద్దినచో పసుపు. వేరొకరు మరల పోల్చి అంగీకరించినచో ఆకుపచ్చ. దిద్దినవాడే తన పనిని తాను ఆమోదించుకొనుటకు వీలులేదు. ఈ మూడు రంగులు చదువరికి చేయు ఉపకారము గొప్పది. పాఠము ఎంతవరకు నమ్మదగినదో అవి మొగముమీదనే చెప్పును. స్వేచ్ఛా విజ్ఞానమును నిజముగా కొలువదలచినచో ఎన్ని పుటలు చేరినవని కాక, ఎన్ని పుటలు ఆకుపచ్చ యైనవని అడుగవలెను.

లెక్కలలోని గ్రామము

రెండవ పరీక్ష ప్రభుత్వలెక్కలకు సంబంధించినది. 2012లో భారతప్రభుత్వము జాతీయ దత్తాంశ పంపకవిధానమును ప్రకటించి, ఆ సంవత్సరమే దానికై ఒక పోర్టలును తెరచెను. ఆ దత్తాంశమును ఏ షరతులపై వాడుకొనవచ్చునో తెలుపు లైసెన్సు 2017లో వచ్చెను. తెలంగాణ ప్రభుత్వము 2016లో తన స్వంత విధానమును ప్రకటించెను. 2011 జనగణనలో ప్రతి గ్రామపు ఇండ్లు, జనాభా, సాగుభూమి, బడులు, ఆస్పత్రులు, త్రాగునీరు మొదలగు వివరములు లభించుచున్నవి. తెలుగు వికీపీడియా సభ్యులు ఈ లెక్కలను వేలకొలది గ్రామముల పుటలలోనికి ఎక్కించిరి. పత్రికలకెక్కని పల్లెలకు కూడ ఒక పుట దొరకుట సామాన్యమైన పని కాదు.

అయితే ఆ పుటలలో ఒక వ్యాకరణదోషము కలదు. అది భాషకు చెందిన దోషము కాదు, కాలమునకు చెందినది. 2011లో లెక్కించిన బడులను, ఆస్పత్రులను గూర్చి పెక్కుపుటలు వర్తమానకాలములో చెప్పుచుండును. ఆనాటి లెక్క అబద్ధము కాదు. 'ఉన్నవి' అను క్రియయే అబద్ధము. పదునాలుగు సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట కొన్ని బడులు మూతపడియుండును, కొన్ని తెరువబడియుండును. ప్రతి వాక్యమునకు సంవత్సరమును జోడించి భూతకాలమున చెప్పినచో అదే లెక్క చారిత్రకసత్యముగా ఎన్నటికిని నిలుచును.

జిల్లాల మార్పు ఈ లోపమును బయలుపరచినది. 2022 ఏప్రిలు 4న ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుండి 26 అయినవి. ద్రాక్షారామమున్న రామచంద్రపురము మండలము తూర్పుగోదావరి జిల్లానుండి క్రొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరెను. తెలంగాణలో అంతకుముందే 2016లో 10 జిల్లాలు 31గా, 2019లో 33గా మారినవి. జనగణన పట్టికలో ఊరు పాతజిల్లా క్రింద నుండును. పరిపాలన క్రొత్తజిల్లానుండి జరుగును. ఒకే పుటలో రెండు జిల్లాల పేర్లు కనబడినచో విద్యార్థి ఏది నమ్మవలెను? రెండును నిజమే, ఏది ఎప్పటిదో చెప్పినప్పుడు మాత్రమే నిజము.

ఊరిపేరు కూడ చిక్కే. దక్షారామము, దాక్షారామము, ద్రాక్షారామము అని గ్రంథములలో రూపభేదములు. ఇంగ్లీషు పట్టికలలో ద్రాక్షారామ. మనుష్యుడు ఇవి అన్నియు ఒకటేనని ఊహించును. యంత్రమునకు మాత్రము అవి నాలుగు ఊళ్ళు. ప్రతి గ్రామమునకు మారని సంకేతసంఖ్య యొకటి యుండి, పేర్లన్నియు దానికి కట్టబడియుండవలెననుట అందుకే. దత్తాంశము విడుదలచేయుట సగము పని. పేర్లు కలుపుట, కాలము చెప్పుట, మార్పులు నమోదుచేయుట మిగిలిన సగము. మొదటి సగమునకు ప్రారంభోత్సవములు జరుగును. రెండవ సగమునకు మనుష్యులే దొరకరు.

సంఖ్యపై మోజు

మనుష్యులు దొరకని చోట యంత్రములను దింపుట సహజము. 2010లో గూగుల్ సంస్థ తన అనువాదపరికరము సాయమున తెలుగు, తమిళము, కన్నడము, హిందీ మొదలగు భాషల వికీపీడియాలకు ఇంగ్లీషు వ్యాసములను అనువదింపజేసినట్లు ప్రకటించెను. పుటలు నిడివిగా వచ్చినవి. కాని అనువాదకులకు పని ముగిసినతోడనే సంబంధము ముగిసెను. ఆ పుటలను సాకవలసినవారు వేరు, కన్నవారు వేరు. వాక్యములు కృత్రిమముగా నున్నవనియు, స్థానిక సభ్యులతో సంప్రదింపులు చాలలేదనియు తమిళ వికీపీడియా సభ్యులు ఆనాడే నిశితముగా విమర్శించి, నాణ్యతకై పట్టుపట్టిరి. ఈ విషయమున తమిళుల దారి అనుసరింపదగినది.

ఇంతకంటె పెద్ద హెచ్చరిక 2020లో స్కాట్లండునుండి వచ్చెను. స్కాట్స్ భాషా వికీపీడియాలో వేలకొలది వ్యాసములను ఆ భాష సరిగా రాని అమెరికా బాలుడొకడు సంవత్సరములతరబడి వ్రాసినట్లు బయటపడెను. దురుద్దేశము లేదు, పట్టుదల మెండు. లోపము ఒక్కటే: ఆ భాష తెలిసినవారు ఎవరును అంతకాలము తగినంత శ్రద్ధగా చూడలేదు. తలుపు తెరచియున్నది, ఇంటిలో పెద్దలు లేరు.

నేడు ప్రమాదము ఇంకను పెరిగినది. కృత్రిమమేధా యంత్రములు భాషలను నేర్చుకొనుటకు వికీపీడియావంటి స్వేచ్ఛాపాఠములను వాడుచున్నవి. తప్పుతెలుగును చదివి యంత్రము తప్పుతెలుగును వ్రాయును. దానిని ఎవరో తిరిగి వికీపీడియాలో చేర్చుదురు. తరువాతి యంత్రము దానినే చదువును. ఇంగ్లీషువంటి భాషలో మంచిపాఠముల రాశి పెద్దది గనుక కొంత కల్తీని తట్టుకొనగలదు. తెలుగులో రాశి చిన్నది. చెరువులో కలిసిన ఉప్పుకంటె కుండలో కలిసిన ఉప్పు త్వరగా నోటికి తగులును.

ఈ వాదమువలన స్వేచ్ఛా విజ్ఞానమే పనికిరానిదని తలచరాదు. మూసియుంచిన గ్రంథములోను తప్పులుండును. అచట దిద్దు హక్కు కూడ లేదు. స్వేచ్ఛకు మందు నిర్బంధము కాదు, నియమము. ఉమ్మడి ఆస్తుల నిర్వహణపై పరిశోధించి 2009లో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రమ్ చెప్పినదియు ఇదియే. నీటికాలువలు, చేపలరేవులు, పచ్చికబయళ్ళు ప్రభుత్వము చేతిలోనో ప్రైవేటువారి చేతిలోనో ఉండితీరవలెననుట సరికాదనియు, వాడుకొనువారే నియమములు చేసికొని, ఒకరినొకరు కనిపెట్టుకొనియున్నచో అవి తరతరములు నిలుచుననియు ఆమె అనేక దేశముల ఉదాహరణలతో చూపెను. గోదావరి డెల్టా రైతుకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. పంటకాలువ అందరిదే, కాని ఏటేట పూడిక తీయకున్నచో చివరి చేనికి నీరందదు. విజ్ఞానము నీటివలె వాడినకొలది తరుగదు; తరుగునది సరిచూచువారి తీరిక, ఓపిక.

ఆ ఓపిక తరుగుటకు కారణములలో ఒకటి స్వయంకృతము. ఇంగ్లీషు వికీపీడియాలో 2007 తరువాత చురుకైన సభ్యుల సంఖ్య తగ్గుటను గూర్చి ఆరన్ హాఫేకర్ ప్రభృతులు 2013లో ప్రకటించిన పరిశోధన గమనింపదగినది. చెత్తవ్రాతలను అరికట్టుటకు పెట్టిన కఠిననియమములు, దిద్దుబాట్లను క్షణములో తిరగగొట్టు యంత్రములు, మంచి ఉద్దేశముతో వచ్చిన క్రొత్తవారిని కూడ తరిమివేసినవని వారు తేల్చిరి. కనుక కాపలా ఉండవలెను. కాని కాపలావాడు వచ్చినవారిని పలుకరించువాడై యుండవలెను.

పాఠశాలలు చేయదగినది

తెలుగు దేశములలో ఈ పనికి తగినవారు లేకపోలేదు. ప్రతి ఉన్నతపాఠశాలలోను తెలుగు, సాంఘికశాస్త్రము, విజ్ఞానశాస్త్రము బోధించువారు కలరు. నలుబదిమంది పిల్లలు కలరు. క్రొత్తపుటలు సృష్టించుమని వారికి చెప్పుటకంటె, ఉన్న పుటను పరీక్షింపుమని చెప్పుట మేలు. తమ ఊరిపుట ఒకటి తీసికొని నాలుగు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఈ మాటకు ఆధారమేది? ఈ లెక్క ఏ సంవత్సరమునది? దీనిని వ్రాసినదెవరు, తరువాత దిద్దినదెవరు? దీనిని వాడుకొనుటకు లైసెన్సు ఏమి చెప్పుచున్నది? నాలుగింటికి సమాధానము దొరకిన వాక్యమును నమ్మవచ్చును. దొరకని వాక్యము క్రింద గీతగీసి చర్చాపుటలో ప్రశ్న వ్రాయవచ్చును. ప్రశ్న వ్రాయుట కూడ విజ్ఞానసేవయే.

ఒక జాగ్రత్త అవసరము. పిల్లలు తాము కంటితో చూచి లెక్కించిన బడుల సంఖ్యను నేరుగా వికీపీడియాలో చేర్చరాదు. ప్రచురితమైన ఆధారము లేని మాట అచట నిలువదు; ఆ నియమము మంచిదే. తాము చూచినదానికిని పుటలోని మాటకును తేడా యున్నచో, బడుల వివరములకు ప్రభుత్వము ప్రకటించు యూడైస్ పట్టికలవంటి క్రొత్త ఆధారములను వెదకి చూపవలెను. తమ ఫోను నెంబర్లను, ఇంటిచిరునామాలను అచట వ్రాయరాదు. సంస్కృతము తెలిసిన ఉపాధ్యాయుడున్న చోట ఒక శాసనపుటను మూలముతో పోల్చి పసుపు చేయవచ్చును. ప్రక్కయూరి పాఠశాలవారు దానిని మరల చూచి ఆకుపచ్చ చేయవచ్చును. ఒక సంవత్సరములో పది పుటలు ఇట్లు తేలినను, సరిచూడని వేయిపుటలకంటె అవి విలువైనవి.

పరిశీలించుట, సందేహించుట, ఆధారమడుగుట, తప్పైనచో దిద్దుకొనుట - శాస్త్రీయదృక్పథమని పాఠ్యగ్రంథములు చెప్పునది ఇదియే. ప్రయోగశాలలో పరికరములు చాలని పాఠశాలకు సహితము ఈ ప్రయోగము అందుబాటులో నున్నది. తెలుగులో స్వేచ్ఛా విజ్ఞానపు మొదటిదశ, అనగా తలుపులు తెరచు దశ, చాలవరకు గడచినది. సరిచూచు దశ ఇప్పుడు మొదలు కావలెను. అది లక్షలమంది చేయవలసిన పని కాదు. ప్రతి ఊర ఇద్దరు ముగ్గురు విడువక చేయవలసిన పని.